22 లక్షల ప్రశ్న: టీవీ పెట్టుబడిదారుల ముందు ఒక పర్లాకిమిడి అడ్డాకు విస్తళ్ళ సంస్థ

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో చార్టర్డ్ అకౌంటెంటుగా నా దగ్గరికి వచ్చే పనుల్లో అధిక భాగం బియ్యం మిల్లులవి, జీడిపప్పు వ్యాపారులవి, రోడ్డు కాంట్రాక్టర్లవి. 2024 వేసవిలో మాత్రం ఒక పాత క్లయింటు వచ్చి, పెట్టుబడిదారుల ఎదుట సంస్థను వివరించి డబ్బు అడిగే ఒక హిందీ టీవీ కార్యక్రమానికి తాను పంపిన వీడియో ఎంపికైందని, ముంబయిలో షూటింగుకు ఏడు వారాలే గడువుందని, ఎంత అడగాలో, అందుకు ఎంత వాటా ఇవ్వాలో నేనే తేల్చి పెట్టాలని కోరారు. ఆ ఏడు వారాల్లో ఏమి చేశామో, షూటింగు గదిలో ఏమి జరిగిందో, తర్వాతి ఏడాదిలో ఆ ఒప్పందం ఏమైందో ఇక్కడ రాస్తున్నాను. క్లయింటు అనుమతి ఉంది. ఆమె పేరు గాని, బ్రాండు పేరు గాని, కార్యక్రమం పేరు గాని చెప్పను; సంస్థను గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను. ముందే ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది: ఈ కేసులోని పొరపాట్లలో పెద్దవి రెండూ క్లయింటువి కావు, నావి.

సంస్థ సంగతి

అడ్డాకు ఈ ప్రాంతంలో ఎవరికీ పరిచయం చేయనక్కరలేని వస్తువు. కొండల మీద చెట్లకు అల్లుకుని పెరిగే తీగ. ఆకు రెండు రెక్కలుగా చీలి, అరచేయి కంటె పెద్దదిగా, తోలులా మందంగా ఉంటుంది. ఒడియాలో దీనినే సియాలి అంటారు. గుమ్మా వైపు సవర గ్రామాల ఆడవాళ్ళు ఆకు కోసి, నీడన ఆరబెట్టి, సన్నని వెదురు పుల్లలతో కుట్టి సంతకు తెస్తారు. మా క్లయింటు అత్తగారు ముప్పయ్యేళ్ళపాటు అలా వచ్చిన ఆకును కొని పెళ్ళిళ్ళకు విస్తళ్ళు సరఫరా చేసిన మనిషి. కోడలు ఆ వ్యాపారాన్ని అందుకుని, కుట్టిన ఆకును రెండు పొరలుగా వేసి వేడి డైల (అచ్చుల) మధ్య నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సులు మూడు తెచ్చి, అంచు నిలబడే పళ్ళాలుగానూ దొన్నెలుగానూ మార్చారు. 2022 జూలై 1న ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసుల వంటి ఒకసారి వాడి పారేసే వస్తువులపై దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చిన తర్వాత పలాస, శ్రీకాకుళం, విశాఖపట్నం, బరంపురం క్యాటరర్లు వెతుక్కుంటూ రావడం మొదలైంది.

నా దగ్గరికి వచ్చేనాటికి నెలకు సగటున 1,25,000 పళ్ళాలు అమ్ముతున్నారు. పళ్ళెం టోకు ధర 4 రూపాయల 60 పైసలు. నెలకు 5 లక్షల 75 వేలు, ఏడాదికి 69 లక్షలు. ఈ 69 అన్న అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి, తర్వాత దానితో పని పడుతుంది.

ఖర్చు కార్డు

మొదటి వారమంతా పళ్ళెం ఒక్కంటికి ఎంత ఖర్చవుతోందన్న ఒక్క విషయం మీదే గడిచింది. ఆమె తెచ్చిన కాగితం మీద కుట్టిన ఆకుకు 1.70, ప్రెస్సు కూలీకీ కరెంటుకూ 0.55, పెట్టెకు 0.45, రవాణాకు 0.25, మొత్తం 2.95 అని ఉంది. అమ్మకం 4.60 కనుక పళ్ళేనికి 1.65 మిగులు, అంటే దాదాపు 36 శాతం. ఆకు ధర రాబట్టడమే ఒక పని అయింది. ఊళ్ళలో ముసలివాళ్ళు ఆకును ఇప్పటికీ గండాల్లోనూ పణాల్లోనూ లెక్కిస్తారు; నాలుగు ఒక గండా, ఎనభై ఒక పణం. పణానికి 136 రూపాయలు ఇస్తున్నారు కాబట్టి ఒక్కొక్కటి 1.70 అవుతుంది. పద్దుల పుస్తకంలో మాత్రం ఆమె తెలుగులో వందల లెక్కన రాసుకుంటారు. రెండేళ్ళ పాత పుస్తకంలో రెండు చోట్ల పణాన్ని వంద అనుకుని రాసిన పద్దులు కనిపించాయి.

కార్డులో ఉన్నవాటి కంటె లేనివి ముఖ్యమని నాకు అనుమానం. అందుకే ఒక రోజు ఉదయం షెడ్డుకు వెళ్ళి కూర్చున్నాను. ప్రెస్సు పైకి లేచినప్పుడల్లా తడి ఆకు కాలిన వాసనతో ఆవిరి వస్తుంది. పనిచేసే అమ్మాయి పళ్ళెం తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, కుట్టు దగ్గర చీలినదైతే వెనక్కి చూడకుండా గోడవైపు విసిరేస్తుంది. మధ్యాహ్నానికి ఆ గోడ పక్క కుప్పను నేనూ గుమస్తా కూర్చుని లెక్కపెట్టాము. నూటికి పన్నెండు పాడవుతున్నాయి. ఆ పన్నెండింటికీ ఆకు డబ్బు ఇచ్చారు, కూలీ ఇచ్చారు, కరెంటు కాల్చారు. అమ్ముడుపోయేవి మాత్రం ఎనభై ఎనిమిది. ఆకు, ప్రెస్సు ఖర్చు కలిసి 2.25ను 0.88తో భాగిస్తే 2.56 వస్తుంది. అంటే కార్డులో 31 పైసలు కనపడటం లేదు. పొయ్యిలోకి పోయే ఆ కుప్పను ఇంట్లో ఎవరూ నష్టమని ఎంచలేదు, నీళ్ళు కాచుకోవడానికి పనికివస్తోందని సంతోషించారు.

రెండోది ఇంటివాళ్ళ పని. ఆమె, ఆమె భర్త రోజుకు పది గంటలు షెడ్డులో ఉంటారు. అత్తగారు ఆకు గ్రేడింగు చేస్తారు. "అది మా చెయ్యే కదండీ, దానికి కూలేటి సార్?" అన్నారామె. రేపు రెండో ఊళ్ళో యూనిట్ పెడితే అక్కడికి అత్తగారిని పంపగలరా అని అడిగాను. ఆ స్థానంలో మనిషిని పెట్టుకుంటే నెలకు 25,000 తక్కువ కాదు. పళ్ళేనికి 20 పైసలు. మూడోది పన్ను. సియాలి, సాల్ ఆకులతో చేసిన వస్తువులపై 2018 జూలై నుంచి జీఎస్టీ లేదు, అది మంచిదే. అయితే అమ్మకం మీద పన్ను లేనప్పుడు కొనుగోళ్ళ మీద కట్టిన పన్ను తిరిగి రాదు. అట్టపెట్టెల మీద, యంత్రాల మీద కట్టినదంతా ఖర్చులోకే చేరుతుంది. ఆమె పెట్టె ధరను పన్ను లేకుండా వేశారు. అక్కడ 5 పైసలు. నాలుగోది వడ్డీ. వానల్లో ఆకు ఆరదు, ఆరని ఆకు బూజు పడుతుంది. కాబట్టి శ్రావణ పెళ్ళిళ్ళకూ వినాయక చవితి సమారాధనలకూ కావలసిన ఆకంతా ఎండలుండగానే కొని నిల్వచేయాలి. అందుకు ఏటా 10 లక్షలు నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి నాలుగు నెలలు తెస్తారు. అరవై వేలు, పళ్ళేనికి 4 పైసలు.

ఈ నాలుగూ కలిపితే 60 పైసలు. నిజమైన ఖర్చు 3.55, మిగులు 1.05, శాతంలో 23కు దగ్గర. మిగులులో మూడో వంతుకు పైగా కాగితం మీద తరిగిపోయింది. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఫోన్ చేసి, విసిరేసే పన్నెండులో నాలుగైనా మిగిల్చుకోవచ్చేమోనని, కుట్టేవాళ్ళకు రెండు అంగుళాలు కలిపి కుట్టమని చెప్పి చూస్తానని అన్నారు. ఈ కేసులో నా ఫీజుకు తగిన పని ఏదైనా జరిగిందంటే అది ఇదేనని నా నమ్మకం.

ఎంత అడగాలి

2021 డిసెంబరులో సోనీలో షార్క్ ట్యాంక్ ఇండియా మొదలైన తర్వాత వాల్యుయేషన్ (సంస్థకు కట్టే విలువ), ఈక్విటీ (వాటా) అన్న మాటలు పర్లాకిమిడి టీ కొట్ల దాకా వచ్చాయి. ఆమె కూడా 50 లక్షలకు 5 శాతం అని నిశ్చయించుకునే వచ్చారు. 5 శాతం ధర 50 లక్షలైతే డబ్బు చేరిన తర్వాత కంపెనీ మొత్తం విలువ 10 కోట్లు అన్నట్టు. 69 లక్షల అమ్మకం, జీతాలు, ప్రకటనలు, ప్రయాణాలు పోగా ఏడాదికి సుమారు 6 లక్షల లాభం ఉన్న సంస్థకు 10 కోట్లు అడగడమంటే సంతలో ఆవును ఏనుగు ధరకు చెప్పడమేనని నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. చివరికి 40 లక్షలకు 10 శాతం దగ్గర స్థిరపడ్డాము. డబ్బు చేరాక విలువ 4 కోట్లు, చేరకముందు 3 కోట్ల 60 లక్షలు. లాభానికి ఇది కూడా దాదాపు 67 రెట్లు. దీని వెనక శాస్త్రమేదీ లేదు. బేరంలో తగ్గడానికి జాగా ఉంచుకున్నామంతే.

40 లక్షల వాడకాన్ని ఇలా రాశాను: వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనడానికి, బాకీలు వచ్చేదాకా వ్యాపారం తిప్పడానికి కావలసిన డబ్బు) 22 లక్షలు, కొత్త ప్రెస్సులు నాలుగింటికి 12 లక్షలు, వెబ్‌సైటు, ప్రకటనలకు 6 లక్షలు. ఆ 22లో 10 లక్షలు వానకాలపు ఆకు నిల్వకు, 12 లక్షలు రెండేసి నెలలు బాకీ నిలిపే క్యాటరర్ల కోసం. స్లైడు మీద మాత్రం వర్కింగ్ క్యాపిటల్ అని ఒకే గీతగా వేశాను. అదే నా మొదటి పొరపాటు. మిగతా వారాలన్నీ 4 కోట్ల విలువను ఎలా సమర్థించుకోవాలన్నదాని మీద ఖర్చుచేశాము. 22 లక్షలకు వాటా అమ్మడం అసలు అవసరమా అన్న ప్రశ్న నేను వేయలేదు. రోజూ నాలుగు సీసీ లిమిట్ల (వ్యాపారం తిప్పుకోవడానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పుల) కాగితాలు చూసే నాకు ఆ ప్రశ్న తట్టకపోవడానికి టీవీ అన్న మాట తప్ప వేరే కారణం కనపడదు.

ఇంకొక పని అప్పటికి జరగవలసి ఉంది. సొంత పేరు మీద నడిచే ప్రొప్రైటరీ వ్యాపారంలో వాటా అమ్మడానికి వీలుండదు, ఎల్ఎల్‌పీలో షేర్లు ఉండవు. పెట్టుబడిదారుకు షేర్లు ఇవ్వాలంటే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఉండాలి. కాబట్టి హడావుడిగా కంపెనీ రిజిస్టరు చేయించాము. షూటింగు నాటికి ఆ కంపెనీ వయసు అయిదు వారాలు. 69 లక్షల అమ్మకమంతా పాత ప్రొప్రైటరీది. దీని ఫలితం తర్వాత చెబుతాను.

ఏ భాషలో చెప్పాలి

ఆమె కొనేది ఒడియాలో, వచ్చీరాని సవరలో. రాసుకునేది తెలుగులో. అంకెలు నోటితో చెప్పేటప్పుడు మాత్రం మనందరిలాగే ఇంగ్లీషు, సిక్స్‌టీ నైన్ లాక్స్ అంటారు. పిచ్, అంటే పెట్టుబడిదారుల ముందు చెప్పే వివరణ, హిందీలో. దూరదర్శన్ హిందీ, భువనేశ్వర్‌లో డిగ్రీ నాటి హిందీ ఆమెకు ధారాళంగానే వచ్చు. ఇక్కడ నా రెండో పొరపాటు. అంకెలు కూడా హిందీలోనే చెప్పండి, చూసేవాళ్ళకు దగ్గరగా ఉంటుందని సలహా ఇచ్చింది నేనే. పోనీ, రిహార్సల్స్ అయినా హిందీలో చేశామా అంటే అదీ లేదు. ఇద్దరికీ సుఖంగా ఉంటుందని తెలుగులో చేశాము.

హిందీ అంకెల్లో తెలుగువాడికి ఒక ఉచ్చు ఉంది. మనకు అరవై తొమ్మిది అంటే అరవై, దానిపైన తొమ్మిది; అంకెలో ఉన్నదే మాటలో ఉంటుంది. హిందీలో తొమ్మిదితో ముగిసే అంకెలను చాలావరకు రాబోయే పదికి ఒకటి తక్కువ అన్న అర్థంలో చెబుతారు. అరవై సాఠ్, కాబట్టి ఉన్‌సఠ్ అంటే అరవైకి ఒకటి తక్కువ, అంటే యాభై తొమ్మిది. అరవై తొమ్మిదికి ఉన్‌హత్తర్ అనాలి. సాఠ్ లాంటి శబ్దం చెవిన పడగానే అది అరవైల్లోనిదేనని మన బుర్ర నమ్ముతుంది. తీరిక మీద అడిగితే ఆమె సరిగానే చెప్పేవారు. ఆరు కెమెరాల ముందు నిలబెట్టి అడిగితే ఎలా ఉంటుందో మేము ఊహించలేదు.

షూటింగు

పలాసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రెండు అట్టపెట్టెల పళ్ళాలు, ఎండు ఆకుల కట్ట ఒకటి వెంటబెట్టుకుని దంపతులిద్దరూ ముంబయి వెళ్ళారు. నేను వెళ్ళలేదు, గదిలో జరిగినది ఆమె చెప్పగా రాసుకున్నదీ, తర్వాత ప్రసారంలో చూసినదీ కలిపి ఇస్తున్నాను. గదిలో సుమారు 70 నిమిషాలు నిలబడ్డారు. తెర మీదికి వచ్చినది 9 నిమిషాలు.

మొదటి పది నిమిషాలు బాగా నడిచాయి. వేడి సాంబారు పోసిన పళ్ళాన్ని ఒక పెట్టుబడిదారు అరచేతిలో పెట్టి, మాట్లాడటం ముగిసేదాకా అక్కడే ఉంచమన్నారు. ఒక్క చుక్క కారలేదు. తర్వాత అమ్మకాల ప్రశ్న వచ్చింది. నెలకు పాంచ్ లాఖ్ పచహత్తర్ హజార్ అని సరిగ్గా చెప్పారు. ఏడాదికి ఎంత అని అడిగితే ఉన్‌సఠ్ లాఖ్ అన్నారు. ఆ వరుసలో చివర కూర్చున్నాయన కాగితం మీద హెచ్చవేసుకుని, మీరు చెప్పిన నెల లెక్కన 69 రావాలి, 59 అంటున్నారు, ఏ నెలల్లో అమ్మకం పడిపోయింది, లేక నెల అంకె పెంచి చెప్పారా అని అడిగారు. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. తాను చెప్పినది 69 అన్న నమ్మకంతో, పడిపోలేదు సార్, ఉన్‌సఠే అని మరోసారి గట్టిగా అన్నారు. ఈ తికమక మూడు నిమిషాలు సాగిందట. పక్కనుంచి భర్త సిక్స్‌టీ నైన్ అని అనడంతో తెమిలింది. ఒకరు నవ్వి ఊరుకున్నారు, ఇద్దరు ఊరుకోలేదు. అంకె అబద్ధం కాదని తేలినా, సొంత వ్యాపారపు అంకెలు మనిషికి గుర్తులేవన్న అభిప్రాయం ఆ గదిలో మిగిలిపోయింది. మాట తడబడటానికీ లెక్క తెలియకపోవటానికీ తేడా అవతలివారికి తెలిసే మార్గం లేదు. ఒక అట్ట మీద నాలుగు అంకెలు రాసి పక్కన నిలబెట్టి ఉంటే సరిపోయేది.

దానిని కొంతవరకు సర్దినది ఖర్చు కార్డే. మిగులు ఎంత అని అడిగితే, ఇంటివాళ్ళ కూలీ, నూటికి పన్నెండు పాడయ్యేదీ కలిపి 23 శాతం అని చెప్పి, ఆ పన్నెండును ఎనిమిదికి దించే పని ఎక్కడిదాకా వచ్చిందో వివరించారు. ఇంటివాళ్ళ కూలీ వేసుకుని వచ్చినవాళ్ళను అరుదుగా చూస్తామని ఒకావిడ అన్నారట. ఈ భాగం ప్రసారంలో రాలేదు.

అప్పుడు చివర కూర్చున్నాయనే స్లైడు మీది 22 లక్షలను చూపించి, ఈ డబ్బు ఏమవుతుందని అడిగారు. ఆకు కొంటాము, పళ్ళెం చేస్తాము, క్యాటరరు రెండు నెలలకు ఇస్తాడు, మళ్ళీ ఆకు కొంటాము అని ఆమె చెప్పారు. దానికి ఆయన అన్న మాటను ఆమె హిందీలో ఉన్నదున్నట్టు ఒప్పజెప్పారు, తెలుగులో దాని భావం ఇది: "తిరిగి వచ్చే డబ్బు కోసం తిరిగి రాని వాటా ఎందుకమ్మా ఇస్తున్నారు?"

ఈ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు. నేను తర్వాత వేసిన లెక్కను ఇక్కడ పెడతాను, ఎందుకంటే ఇందులో పైకి కనిపించేదానికి విరుద్ధమైన సంగతి ఒకటుంది. 40 లక్షలకు 10 శాతమైతే 22 లక్షల వంతు 5.5 శాతం. ఇప్పటి 6 లక్షల లాభంలో 5.5 శాతం అంటే ఏడాదికి 33 వేలు. అదే 22 లక్షలు బ్యాంకులో 11 శాతానికి ఏడాదంతా వాడితే వడ్డీ 2 లక్షల 42 వేలు. ఇవాళ్టి చేతి ఖర్చు చూస్తే వాటా అమ్మడమే చౌక. అందుకే చిన్న వ్యాపారులకు అది ఉచితంగా వచ్చిన డబ్బులా అనిపిస్తుంది. కాని పెట్టుబడిదారు 33 వేల కోసం రాడు. అయిదారేళ్ళలో తన వాటాను పదింతలకు అమ్ముకుని వెళ్ళడానికి వస్తాడు. ఆకు కోసే చేతులూ, కుట్టే చేతులూ, కొండ ఇచ్చే ఆకూ ఇంతే అయినప్పుడు ఈ సంస్థ ఏడాదికి పాతిక, ముప్పై శాతం పెరగవచ్చు, పదింతలు ఎక్కడ పెరుగుతుంది? అతనికి కావలసిన వేగం ఈ వ్యాపారంలో లేదు. ఈ వ్యాపారానికి కావలసిన ఓర్పు అతని డబ్బులో లేదు. ప్రెస్సులు, బ్రాండు కోసం అడిగిన 18 లక్షలకు వాటా అడగడంలో అర్థం ఉంది. 22 లక్షలకు లేదు.

ముగ్గురు తప్పుకున్నారు. ప్రశ్న వేసినాయన మాత్రం 20 లక్షలకు 15 శాతం వాటా, మరో 20 లక్షలు 12 శాతం వడ్డీకి అప్పు అని ప్రతిపాదించారు. బేరమాడి 12 శాతం వాటాకు దించి, ఆమె ఒప్పుకున్నారు. 4 కోట్లు అనుకున్న విలువ 1 కోటి 67 లక్షల దగ్గర ఆగింది. నేను ఉన్నా ఒప్పుకోమనే చెప్పి ఉండేవాణ్ణి.

చేయి కలిపిన తర్వాత

గదిలో చేయి కలపడం ఒప్పందం కాదు. డ్యూ డిలిజెన్స్ అనే పరిశీలన ముగిసి, షేర్ల ఒప్పందం మీద సంతకాలైతేనే డబ్బు కదులుతుంది. ఆ తర్వాత కూడా కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఆఫర్ లెటర్ జారీచేసి, డబ్బును వేరే బ్యాంకు ఖాతాలో తీసుకుని, 60 రోజుల్లో షేర్లు కేటాయించి, ఆ కేటాయింపును తెలిపే పీఏఎస్-3 ఫారం దాఖలు చేసేదాకా అందులో రూపాయి ముట్టుకోకూడదు. షేరు ధరకు రిజిస్టర్డ్ వాల్యుయర్ (విలువ కట్టే గుర్తింపు ఉన్న నిపుణుడు) నివేదిక కావాలి. సరసమైన విలువకు మించి వచ్చిన ప్రీమియం మీద పడే ఏంజెల్ ట్యాక్స్ బెడద 2024 జూలై బడ్జెట్‌లో రద్దయింది కాబట్టి ఆ ఒక్క తలనొప్పి తగ్గింది.

ఆగస్టులో అవతలి న్యాయవాదుల ప్రశ్నల పట్టిక వచ్చింది. అరవై పైచిలుకు ప్రశ్నల్లో యాభైకి వారంలో జవాబిచ్చాము. మిగిలినవి మూడు చోట్ల బిగిశాయి.

ట్రేడ్‌మార్కు భర్త పేరు మీద, షెడ్డు అత్తగారి పేరు మీద, ప్రెస్సులు ప్రొప్రైటరీ పేరు మీద ఉన్నాయి. అయిదు వారాల కంపెనీకి తన పేరు తప్ప ఆస్తి లేదు. ఇది కాగితాలతో తీరేదే. వ్యాపార బదిలీ ఒప్పందం, అద్దె ఒప్పందం, ట్రేడ్‌మార్కు బదలాయింపు రాసుకున్నాము.

ఆకు కొనుగోలు ఇంకొంచెం చిక్కు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును అడవి మీద ఆధారపడిన కుటుంబాలకు ఇచ్చింది కనుక సేకరణలో అభ్యంతరం లేదు. కాని సంతలో చేతికి డబ్బిచ్చి కొన్న ఆకుకు రసీదు ఎక్కడిది? ఖర్చులో అన్నిటికంటె పెద్ద పద్దుకు మా దగ్గర ఉన్నది అత్తగారి నోటు పుస్తకం ఒక్కటే. మహిళా సంఘాల పేరున ఓచర్లు రాయించి, బ్యాంకు ఖాతాకు చెల్లించే పద్ధతి సెప్టెంబరు నుంచి మొదలుపెట్టాము. గడిచినదానికి చేయగలిగినదేమీ లేదు.

మూడోది మరిది. 2019లో మొదటి ప్రెస్సు కొన్నప్పుడు ఆయన 3 లక్షలూ, తన వ్యానూ ఇచ్చారు. వ్యాపారంలో నీకు అయిదో వంతు అని అన్నగారు నోటిమాటగా అన్నారు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మాటను వాటాల పట్టికలో రాయాలని వాళ్ళకు తోచలేదు. టీవీ కబురు ఊళ్ళో పాకిన తర్వాత మరిది నా ఆఫీసుకు వచ్చి, చాలా మర్యాదగా, "నాకు గొడవేం లేదు సార్, మా అన్నయ్య అన్నమాట ఎక్కడ రాసుందో చూపించండి చాలు" అన్నారు. 20 శాతం ఆయనకు, 12 శాతం పెట్టుబడిదారుకు పోతే మున్ముందు మరో పెట్టుబడికి జాగా తగ్గిపోతుందని అవతలివాళ్ళ అభ్యంతరం. ఇంటిపెద్దలు, నేను మూడు ఆదివారాలు కూర్చున్న తర్వాత, 3 లక్షలను వడ్డీతో తీర్చే అప్పుగా మార్చి, వ్యాను సేవకు గాను 4 శాతం షేర్లు ఇచ్చేటట్టు రాజీ కుదిరింది. అత్తగారు ఆ కాగితం మీద సంతకం చేయడానికి ముందు రెండుసార్లు చదివించుకున్నారు.

వీటన్నిటికీ నవంబరు వచ్చింది. అప్పటికి వచ్చిన ఒప్పందం ముసాయిదాలో, అయిదు లక్షలు దాటిన ఏ అప్పుకైనా పెట్టుబడిదారు ముందస్తు అనుమతి తీసుకోవాలన్న షరతు ఉంది. వాళ్ళ వైపునుంచి అది మామూలు షరతే. ఏటా ఎండల్లో పది లక్షల ఆకు కొనక తప్పని వ్యాపారానికి మాత్రం అది మెడలో తాడు. ఆ ఒక్క షరతు మీద రెండు వారాలు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచి, డిసెంబరులో ఉభయులూ మంచిగానే విరమించుకున్నారు.

బ్యాంకు

ముంబయి నుంచి తిరిగి వచ్చిన వారానికే, ఆ ప్రశ్న చెవిలో మోగుతుండగా, సీసీ లిమిట్‌కు దరఖాస్తు తయారుచేశాను. చిన్న పరిశ్రమలకు అంచనా అమ్మకంలో 20 శాతం వరకు వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఇవ్వవచ్చునన్న టర్నోవర్ పద్ధతి రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ నాటి నుంచి ఉంది. పూచీకత్తు ఆస్తి లేకపోతే, చిన్న సంస్థల అప్పులకు బ్యాంకులకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ ట్రస్టు గ్యారంటీ ఉంది. రాబోయే ఏడాది అమ్మకాన్ని 90 లక్షలుగా బ్యాంకు ఒప్పుకుంది. 20 శాతం చొప్పున 18 లక్షల లిమిట్ మంజూరైంది. డ్యూ డిలిజెన్స్ కోసం సర్దిన కాగితాలే, ఒక్క పేజీ మార్చకుండా, బ్యాంకు ఫైలులోకి వెళ్ళాయి. ప్రెస్సులు నాలుగు అనుకున్నవి రెండే కొన్నారు, టర్మ్ లోనుతో (వాయిదాల్లో తీర్చే అప్పుతో).

ఎపిసోడు 2025 ఫిబ్రవరిలో ప్రసారమైంది. ఉన్‌సఠ్ తికమకకు నేపథ్య సంగీతం కూడా వేశారు. నాలుగు రోజుల్లో వెబ్‌సైటుకు 1,900 ఆర్డర్లు వచ్చాయి. అంతకుముందు రోజుకు నలభై వస్తే గొప్ప. పర్లాకిమిడిలో కొరియరు వ్యాను రోజుకు ఒక్కసారే వస్తుంది కనుక పెట్టెలు ఆటోల్లో సరిహద్దు దాటించి ఆంధ్రలోని పాతపట్నం నుంచి కొన్ని పంపారు. ఆ ఊపు నెలన్నర ఉండి తగ్గింది. ఇప్పుడు రోజుకు డెబ్బై, ఎనభై దగ్గర నిలిచింది. ఆమె ఫోన్ చేసి, "మా వీధి పిల్లలు నన్ను ఉన్‌సఠ్ ఆంటీ అంటన్నారండి, పద్దులో కూడా అలాగే రాసేయమంటారేటి?" అని నవ్వారు.

పాడయ్యే పళ్ళాలు నూటికి పన్నెండు నుంచి ఎనిమిదికి దిగాయి. 2025 వానల ముందు సీసీ ఖాతా నుంచి 11 లక్షలు తీసి ఆకు కొన్నారు. నూటికి రూపాయిన్నర వడ్డీకి ఆ ఏడు ఎవరి దగ్గరా తేలేదు. శ్రావణం పెళ్ళిళ్ళ బాకీలు దసరాకు, దసరా సమారాధనల బాకీలు కార్తీకానికి వసూలయ్యాయి. నవంబరు చివరి వారం ఆమె పంపిన స్టేట్‌మెంటులో ఖాతా సున్నా చూపిస్తోంది, దాని కిందనే గుమ్మా సంఘానికి కొత్త ఆకు కోసం చెల్లించిన మొదటి 40 వేలు.